ఆదోని జిన్నింగ్ మిల్లు ప్రాజెక్టు డైరీ: లాగిన్ మాక్రోల్లో పాస్‌వర్డులు, ఎడిట్ చేసినా మారని కాపీలు

పని స్వరూపం

ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు. కాటా, గోడౌను, అకౌంట్లు, యార్డు కొనుగోళ్లు అన్నీ ఒకే లినక్స్ సర్వరు మీద నడిచే అక్షరాల తెర ప్రోగ్రాములో ఉన్నాయి. విండోస్ కంప్యూటర్ల నుంచి టెరా టర్మ్‌తో (సర్వరు తెరను విండోస్‌లో చూపించే ప్రోగ్రాము) అందులోకి వెళ్తారు. డెస్క్‌టాప్ మీద బొమ్మ నొక్కితే టీటీఎల్ మాక్రో (టెరా టర్మ్‌కు వరసగా ఆదేశాలిచ్చే చిన్న స్క్రిప్టు ఫైలు) నడిచి, లాగిన్ అయి, మెనూ తెరిచి పెడుతుంది.

చిక్కులు రెండు. మాక్రోల్లో పాస్‌వర్డులు ఉన్నవున్నట్టు రాసి ఉన్నాయి. షేర్డ్ ఫోల్డరులో మాక్రోను సరిదిద్దినా కొన్ని సీట్లలో పాతదే నడుస్తోంది. "సార్, నిన్ననే మార్చినామంటిరి, మాకింకా పాతదే వస్తా ఉంది" అని కాటా నుంచి ఫోన్లు.

వీటిని రెండు పనులుగా విడదీస్తే రెండూ సగంలో ఆగుతాయి. పాస్‌వర్డు ఉన్న ఫైలు ఎన్ని చోట్ల కాపీ అయిందో తెలియకుండా పాస్‌వర్డు మార్చలేం. మారిస్తే పాత కాపీ నడిపే ఒక్క సీటు అందరినీ బయటికి నెడుతుంది. ఈ సర్వరులో ఫెయిల్‌లాక్ ఆన్ చేసి ఉంది. దాని డిఫాల్ట్ ప్రకారం 900 సెకన్లలో 3 తప్పు ప్రయత్నాలు జరిగితే అకౌంటు 600 సెకన్లు లాక్ అవుతుంది. అందరిదీ ఒకే ఉమ్మడి అకౌంటు. కాటా దగ్గర పత్తి బండ్లు వరసలో ఉన్నప్పుడు పది నిమిషాలు లాగిన్ లేకపోతే ఏమవుతుందో సీజనులో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే అక్టోబరులో కొత్త పత్తి రాక మొదలవకముందే ముగించాలని పెట్టుకున్న పని ఇది.

దశ 1: ఏముందో లెక్క తీయడం

మొదట పాస్‌వర్డు మార్చొద్దు. మొదట వెతకాలి. (పాస్‌వర్డు బయటివాళ్ల చేతికి చిక్కిందని ఆధారం ఉంటే మాత్రం వరస తిరగబడుతుంది. అప్పుడు గంటసేపు పని ఆగినా సరే, ముందు మార్చాల్సిందే.)

వెతికిన పద్ధతి:

1. ప్రతి కంప్యూటరులో టీటీఎల్ పొడిగింపు ఉన్న ఫైళ్ల జాబితా, ఒక్కోదాని షా-256 హ్యాష్‌తో (లోపల ఒక్క అక్షరం తేడా ఉన్నా మారిపోయే గుర్తు) సహా. పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ చాలు, వేరే టూలు అక్కర్లేదు.
2. వాటిలో లాగిన్ ఆదేశాలున్నవి ఏవో తేల్చడానికి ఫైండ్‌స్ట్ర్, ఫైళ్లలో మాట వెతికే విండోస్ ఆదేశం. స్లాష్ ఎస్ (లోపలి ఫోల్డర్లు కూడా), స్లాష్ ఐ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకుండా), స్లాష్ ఎమ్ మూడూ పెట్టాలి. స్లాష్ ఎమ్ పెడితే ఫైలు పేరు మాత్రమే వస్తుంది. అది లేకపోతే పాస్‌వర్డు ఉన్న లైను మొత్తం తెర మీద పడుతుంది, పక్కన నిలబడ్డవాళ్లూ చదువుతారు.
3. డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌ల టార్గెట్ గడి విడిగా చూడాలి.
4. టెరా టర్మ్ లాగ్ ఫైళ్లు.

ఇక్కడ ఫైండ్‌స్ట్ర్ రెండు చోట్ల తప్పించింది. మొదటిది, నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్‌గా సేవ్ చేసిన ఫైళ్లు. అందులో ప్రతి అక్షరానికి రెండు బైట్లు ఉంటాయి కాబట్టి ఫైండ్‌స్ట్ర్‌కు ఆ మాట కనపడదు. పవర్‌షెల్ సెలెక్ట్-స్ట్రింగ్ ఫైలు మొదట్లోని గుర్తును చూసి సరిగా చదువుతుంది. రెండోది షార్ట్‌కట్‌లు. వాటిలోనూ టార్గెట్ యూనికోడ్‌లోనే దాక్కుంటుంది. కాబట్టి డబ్ల్యూస్క్రిప్ట్ షెల్ ఆబ్జెక్టుతో ఒక్కో షార్ట్‌కట్ ఆర్గ్యుమెంట్లను బయటికి తీసి చూడాల్సి వచ్చింది.

లాగ్‌లలో వెతికేటప్పుడు ఇంకో గోతి ఉంది. పాస్‌వర్డునే వెతికే మాటగా కమాండులో కొడితే అది పవర్‌షెల్ చరిత్ర ఫైలులో శాశ్వతంగా కూర్చుంటుంది. వెతకడానికి వెళ్లి ఇంకో కాపీ పుట్టించినట్టవుతుంది. రీడ్-హోస్ట్‌తో అడిగించుకుని వేరియబుల్‌లో పెట్టి, ఆ వేరియబుల్‌ను సెలెక్ట్-స్ట్రింగ్‌కు ఇవ్వాలి. సింపుల్‌మ్యాచ్ స్విచ్ తప్పనిసరి. లేకపోతే పాస్‌వర్డులోని చుక్క, డాలరు, ప్లస్ గుర్తులను నమూనా గుర్తులుగా తీసుకుని ఏదీ దొరకలేదంటుంది.

లెక్క, దశ 1 చివర:
- కంప్యూటర్లు: 14
- టీటీఎల్ ఫైళ్లు: 61 (షేర్డ్ ఫోల్డరు 12, డెస్క్‌టాప్‌లు 23, డౌన్‌లోడ్స్ 17, బ్యాకప్ డిస్కు 9)
- పాస్‌వర్డు నేరుగా రాసి ఉన్నవి: 43 (ఫైండ్‌స్ట్ర్ చూపినవి 41, యూనికోడ్‌వి 2)
- పాస్‌వర్డు ఉన్న షార్ట్‌కట్‌లు: 3
- టెరా టర్మ్ పాస్‌వర్డులు దాచుకున్న డాట్ ఫైళ్లు (డీఏటీ పొడిగింపు ఉన్నవి): 4
- అసలు వేర్వేరు పాస్‌వర్డులు: 5 (సర్వరులోకి వెళ్లే ఉమ్మడి ఎస్ఎస్‌హెచ్ లాగిన్ 1, ప్రోగ్రాములోని విభాగాలవి 4)

డౌన్‌లోడ్స్‌లోని 17 దాదాపు అన్నీ వాట్సాప్ నుంచి వచ్చినవే. కొత్త కంప్యూటరు పెట్టినప్పుడల్లా పక్క సీటు నుంచి ఫైలు పంపించుకోవడం ఇక్కడ అలవాటు. ఫోన్లలో ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకని చివరికి పాస్‌వర్డు మార్చకుండా ఈ పని పూర్తి కాదని ఇక్కడే తేలిపోయింది.

దశ 2: పాత మాక్రో ఎక్కడెక్కడ పాస్‌వర్డు ఒలకబోస్తోంది

ఫైలులో కనపడటం ఒక్కటే ప్రమాదం అనుకుంటే సగమే చూసినట్టు. మాక్రో నడిచేటప్పుడు జరిగేది ఇంకా ఎక్కువ.

పాత మాక్రో నడక ఇది:

1. కనెక్ట్ ఆదేశంలోనే యూజరు పేరు, పాస్‌వర్డు.
2. పాజ్ 2, అంటే రెండు సెకన్లు ఆగడం.
3. ప్రోగ్రాము పేరును సెండ్‌ఎల్‌ఎన్, అంటే టైపు చేసి ఎంటర్ కొట్టినట్టు పంపడం.
4. పాస్‌వర్డ్ అనే మాటలో మొదటి అక్షరం వదిలేసిన ముక్క కోసం వెయిట్, అంటే అది సర్వరు నుంచి వచ్చేదాకా ఆగడం. పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా దొరుకుతుందని అలా రాస్తారు.
5. విభాగం పాస్‌వర్డు సెండ్‌ఎల్‌ఎన్.

అడుగు 1లో లోపం: టెరా టర్మ్, మాక్రో నడిపే టీటీపీమాక్రో రెండు వేర్వేరు ప్రోగ్రాములు. మాక్రో మొదలయ్యేసరికి టెరా టర్మ్ తెరిచి లేకపోతే, కనెక్ట్‌లో ఇచ్చిన మాటలన్నీ దాని కమాండ్ లైనులోకి వెళ్తాయి. టాస్క్ మేనేజరు డీటెయిల్స్ పేజీలో కమాండ్ లైన్ కాలమ్ ఆన్ చేస్తే పాస్‌వర్డు అక్కడే చదువుకోవచ్చు. ప్రోగ్రాములు తెరిచిన ప్రతిసారీ కమాండ్ లైనుతో సహా నమోదు చేసే పాలసీ పెట్టిన కంప్యూటరులో అయితే 4688 నంబరు ఈవెంటులో కూడా పడుతుంది.

అడుగు 4 అంతకంటే చెడ్డది. పాజ్ నడిచే ఆ రెండు సెకన్లలో సర్వరు నుంచి వచ్చిన అక్షరాలు పోవు, మాక్రో బఫరులోనే ఉంటాయి. తర్వాత వచ్చే వెయిట్ వాటినీ వెతుకుతుంది. పాస్‌వర్డు గడువు దగ్గరపడితే, డిఫాల్ట్‌గా 7 రోజుల ముందు నుంచి, లినక్స్ లాగిన్ కాగానే హెచ్చరిక లైను ఒకటి చూపిస్తుంది. ఆ లైనులో పాస్‌వర్డ్ అనే మాట ఉంది. వెయిట్‌కు అది చాలు. ప్రోగ్రాము ఇంకా తెరుచుకోకముందే విభాగం పాస్‌వర్డు వెళ్లిపోతుంది. టెర్మినల్ ఎకో (కొట్టిన అక్షరాలను తిరిగి చూపడం) ఆన్‌లోనే ఉంది కాబట్టి అక్షరాలు తెర మీద కనపడతాయి, సర్వరు తిరిగి పంపిన ఎకో కాబట్టి లాగ్ ఫైలులోకీ ఎక్కుతాయి. కరెంటు పోయి వచ్చాక లాక్ ఫైలు మిగిలిపోయి ప్రోగ్రాము తెరుచుకోకపోతే ఇంకో మెట్టు కిందికి: షెల్ (లినక్స్‌లో కమాండులు తీసుకునే ప్రోగ్రాము) ఆ పాస్‌వర్డును కమాండుగా తీసుకుంటుంది. అది బ్యాష్ చరిత్రలో, అంటే కొట్టిన కమాండులను షెల్ దాచుకునే ఫైలులో, మిగులుతుంది.

ఉమ్మడి అకౌంటు బ్యాష్ చరిత్రలో రెండు విభాగాల పాస్‌వర్డులు, టెరా టర్మ్ లాగ్‌లలో మూడింటివి ఈ దారిన చేరినవే దొరికాయి.

టైమౌట్ సంగతి కూడా ఇక్కడే రాయాలి. టైమౌట్ విలువ 0 అయితే వెయిట్ ఎంతసేపైనా ఆగుతుంది. పాత మాక్రోల్లో అది 5 సెకన్లు. అయిదు సెకన్లలో మాట రాకపోతే రిజల్ట్ అనే వేరియబుల్ 0 అవుతుంది, కానీ రిజల్ట్‌ను ఎవరూ చూడటం లేదు. మాక్రో తన దారిన కింది లైనుకు వెళ్లి, ఎదురుగా ఏముందో చూడకుండా పాస్‌వర్డు కొట్టేస్తుంది.

టెస్టుకు పెట్టి చూసిన మార్పులు:

వెయిట్ మాటకు చివర కోలన్ చేర్చడం. హెచ్చరిక లైనులో పాస్‌వర్డ్ మాట పక్కన కోలన్ లేదు, ప్రోగ్రాము అడిగేటప్పుడు ఉంది. ఇది పనిచేసింది.

పాజ్ తీసి డాలరు గుర్తు కోసం వెయిట్ పెట్టడం. సగమే పనిచేసింది. లాగిన్ కాగానే కనిపించే సందేశంలో ఎక్కడైనా డాలరు గుర్తుంటే అక్కడే ఆగిపోతుంది. ప్రాంప్టు మొత్తం, యూజరు పేరుతో సహా ఇవ్వాలి.

టైమౌట్ 20, ప్రతి వెయిట్ కింద రిజల్ట్ 0 అయితే మెసేజ్‌బాక్స్ చూపించి ఎండ్. ఇది ఉంచేశాం. సర్వరు నెమ్మదిగా ఉన్న రోజు మాక్రో ఆగిపోతుంది, ఫోను వస్తుంది. పాస్‌వర్డు చోటుగాని చోట పడటం కంటే ఆ ఫోను వెయ్యి రెట్లు నయం.

దశ 3: పాస్‌వర్డును ఎక్కడ పెట్టాలి? పనికిరాని జవాబులు

మొదట అందరికీ తట్టేది గెట్‌పాస్‌వర్డ్ ఆదేశం. మొదటిసారి అడిగి, డాట్ ఫైలులో రాసుకుని, తర్వాత అడగకుండా ఇస్తుంది. ఫైలు తెరిస్తే అర్థంకాని అక్షరాలు కనపడతాయి కాబట్టి భద్రంగా ఉందనిపిస్తుంది. దీన్ని పరీక్షించడానికి మూడు లైన్లు చాలు:

1. డాట్ ఫైలును పాస్‌వర్డు తెలియని వేరే కంప్యూటరుకు కాపీ చేయాలి.
2. అక్కడ గెట్‌పాస్‌వర్డ్‌తో అదే పేరు అడిగి వేరియబుల్‌లోకి తీసుకోవాలి.
3. ఆ వేరియబుల్‌ను మెసేజ్‌బాక్స్‌లో చూపించాలి.

పాస్‌వర్డు తేటతెల్లంగా వచ్చేసింది. కారణం: ఆ అక్షరాల మార్పిడికి తాళంచెవి అంటూ ఏదీ లేదు. ఏ టెరా టర్మ్ రాసినా ఇంకో టెరా టర్మ్ చదవగలదు. పక్కవాడు అనుకోకుండా చూడకుండా ఆపుతుంది, అంతే. ఫైలు కాపీ చేసుకున్నవాణ్ని ఆపదు.

టెరా టర్మ్ 5 వరుసలో గెట్‌పాస్‌వర్డ్2 వచ్చింది. దానికి తాళం మాట ఒకటి ఇవ్వాలి. ఆ తాళం మాటను మాక్రోలోనే రాస్తే మళ్లీ మొదటికే వచ్చాం. మనిషిని అడిగితే ఎలాగూ అడుగుతున్నాం కాబట్టి పాస్‌వర్డునే అడగొచ్చు. ఇక్కడ దానికి చోటు దొరకలేదు.

మూడో ఆలోచన, మాక్రోలు ఉన్న షేర్డ్ ఫోల్డరుకు అనుమతులు బిగించడం. మాక్రో నడపాలంటే చదవాలి, చదవగలిగితే కాపీ చేయగలరు. పద్నాలుగు సీట్లూ చదవాల్సిందే. అనుమతుల వల్ల ఎడిట్ చేసేవాళ్లు తగ్గుతారు, చదివేవాళ్లు తగ్గరు.

కాబట్టి నిర్ణయం: మాక్రో ఎవరి చేతికి చిక్కినా నష్టం లేనిదిగా ఉండాలి. అందులో రహస్యమే ఉండకూడదు. అప్పుడు పాత కాపీ ఎక్కడో మిగిలినా అది అసౌకర్యమే తప్ప ప్రమాదం కాదు.

దశ 4: ఎస్ఎస్‌హెచ్ తాళంచెవులు, అడిగే పెట్టె

సర్వరు లాగిన్‌కు పాస్‌వర్డు బదులు తాళంచెవి, అంటే రహస్య భాగం మనిషి కంప్యూటరులో, పబ్లిక్ భాగం సర్వరులో ఉండే జత. ప్రోగ్రాములోని విభాగం పాస్‌వర్డుకు తాళంచెవి పనికిరాదు, ప్రోగ్రాము పాతది, దానికి పాస్‌వర్డు ఒక్కటే తెలుసు. అది మనిషే కొట్టాలి.

తాళంచెవి అడుగులు:

1. సర్వరులో ఒక్కో మనిషికి ఒక్కో అకౌంటు. ఉమ్మడి అకౌంటు ఇప్పుడే తీయొద్దు, దశ 6లో దానితో పనుంది.
2. చెవులు తయారుచేసే పుట్టీజెన్‌లో ఈడీ25519 రకం చెవి. సర్వరులో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 6.5 (2014) లేదా ఆపైది ఉంటేనే ఈ రకం పనిచేస్తుంది.
3. చెవికి పాస్‌ఫ్రేజు (దాన్ని తెరిచే రహస్య మాట) తప్పనిసరి.
4. పబ్లిక్ చెవిని సర్వరులో ఆ మనిషి ఆథరైజ్డ్ కీస్ ఫైలులో ఒకే లైనుగా పెట్టాలి.
5. విండోస్ లాగిన్ కాగానే పేజెంట్ (తెరిచిన చెవిని గుర్తుంచుకుని టెరా టర్మ్‌కు అందించే ప్రోగ్రాము) తెరుచుకునేలా స్టార్టప్ ఫోల్డరులో షార్ట్‌కట్. పొద్దున ఒకసారి పాస్‌ఫ్రేజు కొడితే సాయంత్రం దాకా చాలు.
6. మాక్రోలోని కనెక్ట్ లైనులో పాస్‌వర్డు తీసేసి, ఆథ్ విలువను పేజెంట్‌గా మార్చాలి.

ఆగిన చోట్లు:

పబ్లిక్ చెవిని మెయిలు నుంచి అతికిస్తే మధ్యలో లైను విరిగింది. చూడటానికి అంతా ఉంది, పనిచేయదు. లైన్లు లెక్కపెట్టే కమాండుతో చూస్తే ఒక చెవికి రెండు లైన్లు.

కొన్ని అకౌంట్ల హోం డైరెక్టరీ అనుమతి 775గా ఉంది. గ్రూపులో వాళ్లు రాయగలిగిన డైరెక్టరీలోని చెవిని ఎస్ఎస్‌హెచ్ సర్వరు నమ్మదు, నోరు మెదపకుండా పాస్‌వర్డు అడుగుతుంది. కారణం సర్వరులో లాగిన్‌లు నమోదయ్యే సెక్యూర్ లాగ్‌లో మాత్రమే రాస్తుంది: ఓనర్‌షిప్ లేదా మోడ్స్ సరిగా లేవని. హోం 755, చుక్క ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీ 700, ఆథరైజ్డ్ కీస్ 600. ఇవి పెట్టగానే కుదిరింది.

చెవి ఫైలును పేజెంట్ లేకుండా నేరుగా పాత టెరా టర్మ్‌కు ఇస్తే చదవలేదు. పుట్టీ 0.75 (2021) నుంచి పీపీకే (చెవి) ఫైలు 3వ రకం, అది పాత టెరా టర్మ్‌కు తెలియదు. పేజెంట్ ద్వారా వెళ్తే ఈ చిక్కే రాదు.

ప్రతి కొత్త కంప్యూటరులో మొదటిసారి సర్వరు వేలిముద్ర (అది అసలు సర్వరేనని పోల్చుకునే గుర్తు) చూపించే పెట్టె వస్తుంది, మాక్రో అక్కడ ఆగుతుంది. దాన్ని దాటవేసే దారులున్నాయి, వాడొద్దు. సర్వరు దగ్గర వేలిముద్ర ముందే రాసి పెట్టుకుని, పోల్చి చూసి, ఒక్కసారి ఒప్పుకుంటే చాలు.

కాటా గది వేరు. అక్కడ రెండు షిఫ్టులు, ఒకే విండోస్ లాగిన్, గుమాస్తాలు మారుతుంటారు. పేజెంట్‌లో ఒకరి చెవి రోజంతా తెరిచి ఉంటే రెండో షిఫ్టు తూకాలన్నీ మొదటి షిఫ్టు మనిషి పేరు మీద పడతాయి. బేళ్ల లెక్కలో తేడా వచ్చినప్పుడు ఆ పేరే పట్టుకుంటారు, అది అన్యాయం. అందుకని కాటాలో విండోస్ లాగిన్‌లే వేరు చేయించాం. సర్వరులో వాళ్ల చెవి లైను ముందు మూడు షరతులు చేర్చాం: ఫ్రమ్ అని మిల్లు లోపలి నెట్‌వర్కు చిరునామాలు, రెస్ట్రిక్ట్‌తో (మిగతా సౌకర్యాలన్నీ ఆపేది) పాటు పీటీవై (తెర మాత్రం ఇచ్చేది), కమాండ్ అని కాటా మెనూ. రెస్ట్రిక్ట్ మాట ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 7.2 (2016) నుంచి ఉంది. దీనితో ఒక అదనపు లాభం: లాగిన్ అయితే మెనూ తప్ప ఇంకేమీ రాదు, షెల్ లేదు. ప్రోగ్రాము పేరు కొట్టే సెండ్‌ఎల్‌ఎన్, ప్రాంప్టు కోసం వెయిట్ రెండూ మాక్రో నుంచి ఎగిరిపోయాయి. పాస్‌వర్డు షెల్‌లో పడే దారే మూసుకుపోయింది. తర్వాత ఇదే పద్ధతి అకౌంట్లు, గోడౌను సీట్లకూ పెట్టాం. ఈ ప్రాజెక్టులో ఒక్క మార్పే కాపీ చేసుకోవాలంటే ఇది చేసుకోండి.

విభాగం పాస్‌వర్డుకు మాక్రోలో మిగిలిన భాగం:

1. కోలన్‌తో సహా పాస్‌వర్డు ప్రాంప్టు కోసం వెయిట్, టైమౌట్ 20.
2. రిజల్ట్ 0 అయితే మెసేజ్, ఎండ్.
3. పాస్‌వర్డ్‌బాక్స్. కొట్టింది ఇన్‌పుట్‌స్ట్ర్ అనే వేరియబుల్‌లోకి వస్తుంది.
4. దాన్ని సెండ్‌ఎల్‌ఎన్, వెంటనే ఇన్‌పుట్‌స్ట్ర్‌కు ఖాళీ విలువ.

నిజానికి ప్రోగ్రాము తెరలోనే నేరుగా కొట్టినా ఇదే పని జరుగుతుంది. పెట్టె పెట్టడానికి కారణం, మాక్రో తర్వాత చేసే ప్రింటరు, తేదీ అడుగులు ఆగకుండా సాగడం.

రాత్రి పూట మనిషి లేకుండా నడిచే స్టాకు రిపోర్టుకు మాత్రం పాస్‌ఫ్రేజు లేని చెవి తప్పలేదు. దానికి విడి అకౌంటు, ఆ ఒక్క కంప్యూటరు చిరునామా, ఆ ఒక్క కమాండు. ఆ చెవి పోయినా స్టాకు రిపోర్టు తప్ప ఇంకేదీ రాదు.

లెక్క, దశ 4 చివర:
- వాడుకలో ఉన్న అసలు మాక్రోలు: 12 నుంచి 3కు
- వాటిలో పాస్‌వర్డులు: 0
- పాత ఫైళ్లలో ఇంకా ఉన్నవి: 43, షార్ట్‌కట్‌లు 3, డాట్ ఫైళ్లు 4

దశ 5: ఎడిట్ చేసినా మారని సీట్లు

కొత్త మూడు మాక్రోలు షేర్డ్ ఫోల్డరులో పెట్టాం. ఏ సీటులో ఏది నడుస్తోందో అడిగి తెలుసుకోవడం కుదరదు, కళ్లకు కనపడాలి. అందుకని మాక్రోలో కనెక్ట్ లైను కిందనే సెట్‌టైటిల్‌తో వెర్షను అంకె. కిటికీ పైపట్టీలో అంకె కనపడుతుంది, ఫోనులో అడిగితే గుమాస్తా చదివి చెప్పగలడు. ప్రతి ఎడిట్‌కూ అంకె పెంచాలి, ఒక్క అక్షరం మార్చినా సరే.

14 సీట్లలో 8 కొత్త అంకె చూపాయి. 6 చూపలేదు.

పాతబడటం నాలుగైదు రకాలు. ఎంతసేపు పాతగా ఉంటుందన్నదాన్ని బట్టి విడదీస్తే కారణం త్వరగా చిక్కుతుంది.

సెకన్లు: విండోస్ నెట్‌వర్కు ఫోల్డరు వివరాలను కాసేపు గుర్తుంచుకుంటుంది. డిఫాల్ట్‌గా డైరెక్టరీ, ఫైలు వివరాలకు 10 సెకన్లు, ఫైలు లేదన్న జవాబుకు 5 సెకన్లు. కొత్త ఫైలు పెట్టగానే పక్క సీటులో కనపడకపోతే పది సెకన్లు ఆగి చూడాలి. దీని కోసం రిజిస్ట్రీ ముట్టుకోవద్దు.

మాక్రో ముగిసేదాకా: టీటీపీమాక్రో ఫైలును మొదట్లోనే చదివేసుకుంటుంది. నడుస్తుండగా ఎడిట్ చేస్తే ఆ నడకకు తెలియదు. రోజంతా ముగియకుండా తిరిగే లూపు మాక్రోలు ఉంటే వాటిని మూసి మళ్లీ తెరవాలి.

సింక్ అయ్యేదాకా: 2 ల్యాప్‌టాప్‌లు. ఆ ఫోల్డరు మీద ఎప్పుడో 'ఆల్వేస్ అవైలబుల్ ఆఫ్‌లైన్' నొక్కి ఉంది. కరెంటు పోయి నెట్‌వర్కు స్విచ్ ఆగినప్పుడల్లా ఆఫ్‌లైన్ ఫైల్స్ తన కాపీకి మారుతుంది. ఎడిట్ కూడా ఆ కాపీలోనే జరుగుతుంది, తిరిగి వచ్చాక రెండు పక్కలా మారి ఉంటే గొడవగా మిగులుతుంది. దారి పేరు మాత్రం సర్వరుదే చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

శాశ్వతం: మిగతా 4. రెండు సీట్లలో డెస్క్‌టాప్ మీదున్నది షార్ట్‌కట్ కాదు, ఫైలు కాపీయే. ఇంకొకదానిలో పొద్దున్నే ఎక్స్‌కాపీ స్లాష్ డీతో ఫైలు తెచ్చుకునే బ్యాచ్ ఫైలు ఉంది. స్లాష్ డీ అంటే సర్వరు ఫైలు తేదీ కొత్తదైతేనే తెస్తుంది. ఆ సీటులో ఎవరో స్థానిక కాపీని అసలు ఫైలు కంటే తర్వాతి తేదీన ఎడిట్ చేశారు. ఇక సర్వరు ఫైలు ఆ తేదీ దాటేదాకా మార్పు రాదు. రోబోకాపీ అనే ఇంకో కాపీ ఆదేశానికి స్లాష్ ఎక్స్ఓ (పాత తేదీవి వదిలేయడం) పెట్టినా ఇదే జబ్బు. నాలుగో సీటులో ఫైలు ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉంది, ఎడిట్ చేసింది మ్యానిఫెస్ట్ (ఏ అనుమతులతో నడవాలో విండోస్‌కు చెప్పే భాగం) లేని పాత 32-బిట్ ఎడిటరుతో. అలాంటి ప్రోగ్రాము అక్కడ రాయబోతే విండోస్ అడ్డు చెప్పదు, యూజరు యాప్‌డేటాలోని లోకల్ కింద వర్చువల్‌స్టోర్ ఫోల్డరులో రాసిపెట్టి, అక్కడే రాసినట్టు నమ్మిస్తుంది. ఎడిటరులో కొత్తది, మాక్రో నడిపితే పాతది. ఈ లక్షణం కనపడితే నేరుగా వర్చువల్‌స్టోర్ చూడండి.

దిద్దుబాటు వరస:

1. ల్యాప్‌టాప్‌లలో ముందు సింక్ పూర్తి చేయాలి. ఒకదానిలో మాక్రో కాక, సర్వరుకు చేరని బేళ్ల జాబితా ఎక్సెల్ కూడా అదే షేరులో ఉంది. సింక్ చేయకుండా క్యాష్ తుడిచి ఉంటే ఆ లెక్క పోయేది.
2. ఆఫ్‌లైన్ టిక్ తీయాలి.
3. సాంబాలో (లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కు పంచే ప్రోగ్రాము) ఆ షేరుకు సీఎస్‌సీ పాలసీ, అంటే ఆఫ్‌లైన్ కాపీల నియమం, డిజేబుల్. ఏమీ రాయకపోతే మాన్యువల్ అని అర్థం, అంటే ఎవరైనా ఆఫ్‌లైన్ చేసుకోవచ్చు. షేరు విండోస్ సర్వరు మీదుంటే ఇదే పనికి షేరు క్యాషింగ్ మోడ్ నన్.
4. సెట్టింగులను టెస్ట్‌పార్మ్ ఆదేశంతో సరిచూసి సాంబాను మళ్లీ చదివించాలి.
5. ల్యాప్‌టాప్ క్యాష్ తుడవడం: రిజిస్ట్రీలో సీఎస్‌సీ సర్వీసు పారామీటర్స్ కింద ఫార్మాట్‌డేటాబేస్ అనే డీవర్డ్ 1 పెట్టి రీస్టార్ట్. పాత పాస్‌వర్డుల మాక్రోలు ఆ క్యాష్‌లో కూడా ఉన్నాయి, అందుకే ఇది వదిలేయకూడదు.
6. డెస్క్‌టాప్ కాపీలు, బ్యాచ్ ఫైలు, వర్చువల్‌స్టోర్ కాపీ తీసేసి, అన్ని సీట్లకూ షేరులోని ఫైలుకే షార్ట్‌కట్.

అడుగు 6 మొదట అందరికీ పెట్టి చూస్తే కాటాలో నిలవలేదు. స్విచ్ ఆగి వచ్చిన ప్రతిసారీ షేరు కనపడదంటోంది. కాటా రెండు సీట్లకు పొద్దున రోబోకాపీతో స్థానిక కాపీ తెచ్చే పద్ధతికి మారాం, స్లాష్ ఎక్స్ఓ లేకుండా. అలాగైతే తేదీ పాతదైనా తేడా ఉంటే తెస్తుంది. నెట్‌వర్కు స్విచ్‌ను యూపీఎస్ మీదికి మార్చడం విడిగా జరిగింది.

లెక్క, దశ 5 చివర: కొత్త అంకె చూపే సీట్లు 14లో 14.

దశ 6: పాస్‌వర్డు మార్పు, ఉమ్మడి అకౌంటును వలగా వదలడం

1. యార్డు మూశాక సాయంత్రం పూట విభాగం పాస్‌వర్డులు నాలుగూ మార్పు.
2. ఉమ్మడి అకౌంటును తీసేయకుండా యూజర్‌మాడ్ ఆదేశానికి పెద్ద ఎల్ ఇచ్చి పాస్‌వర్డు లాక్. దాని ఆథరైజ్డ్ కీస్ ఫైలు ఖాళీ ఉందో లేదో కూడా చూడాలి. పాస్‌వర్డు లాక్ తాళంచెవిని ఆపదు.
3. సెక్యూర్ లాగ్‌లో ఆ పేరు మీద వచ్చే ప్రతి విఫల ప్రయత్నాన్నీ గమనించాలి. ఒక్కో లైనులో వచ్చిన చిరునామా ఉంటుంది.

మూడో అడుగే ఈ దశకు ప్రాణం. అకౌంటు తీసేసి ఉంటే కూడా విఫలం అనే రాస్తుంది, కానీ బయటి నుంచి పేర్లు ఊహించి కొట్టేవాళ్ల గుంపులో కలిసిపోతుంది. నిజంగా ఉన్న పేరైతే విడిగా నిలబడుతుంది. ఇప్పుడా అకౌంటుతో ఎవరికీ పనిలేదు కాబట్టి, లాక్ అయినా నష్టం లేదు. ఫెయిల్‌లాక్ కమాండుకు యూజరు పేరిస్తే తేదీ, చిరునామాలు వరసగా చూపుతుంది.

దీనితో రెండు చిరునామాలు బయటపడ్డాయి. ఒకటి గోడౌను మూలన నెలాఖరు లెక్కకు మాత్రమే తెరిచే కంప్యూటరు, దశ 1 జాబితాలోనే లేదు. అందులో టీటీఎల్ ఫైళ్లు 2, రెండింటిలోనూ పాస్‌వర్డు. రెండోది యార్డు ల్యాప్‌టాప్, బొమ్మ కొత్తదే, కానీ టాస్క్‌బారుకు పిన్ చేసిన పాత షార్ట్‌కట్ మిగిలి ఉంది. డెస్క్‌టాప్ శుభ్రం చేసేటప్పుడు టాస్క్‌బారు పిన్‌లు, స్టార్టప్ ఫోల్డరు కూడా చూడాలని జాబితాలో చేర్చాం.

పాత ఫైళ్లు తీసేసేటప్పుడు ఎడిటర్లు దాచుకున్నవి మర్చిపోవద్దు. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ బ్యాకప్ ఫోల్డరు యాప్‌డేటా రోమింగ్ కింద ఉంటుంది. విండోస్ 11 నోట్‌ప్యాడ్ మూసినా ట్యాబులను ట్యాబ్‌స్టేట్ అనే ఫోల్డరులో గుర్తుంచుకుంటుంది. రీసైకిల్ బిన్, ప్రీవియస్ వెర్షన్స్, విండోస్ క్లిప్‌బోర్డు చరిత్ర కూడా చూడాలి. సర్వరులో ఉమ్మడి అకౌంటు బ్యాష్ చరిత్ర.

చివరి లెక్క:
- కంప్యూటర్లు: 15
- దొరికిన టీటీఎల్ ఫైళ్లు: 63, పాస్‌వర్డు ఉన్నవి 45
- కంప్యూటర్లలో ఇంకా పాస్‌వర్డుతో మిగిలినవి: 0
- బ్యాకప్ డిస్కులో మిగిలిన పాత ఫైళ్లు: 9. అందులోని పాస్‌వర్డులు చెల్లవు కాబట్టి డిస్కును అలాగే ఉంచాం. ఆ డిస్కు నుంచి ఏదైనా తిరిగి తెచ్చేటప్పుడు మాక్రోల ఫోల్డరు తేకూడదని దాని మీద చీటీ అతికించి ఉంది.

మిగిలిన పని: సెక్యూర్ లాగ్‌లో ఉమ్మడి అకౌంటు పేరు నెలాఖరు లెక్కలు రెండు దాటినా కనపడకపోతే అప్పుడు ఆ అకౌంటును తీసేయడం. కొత్త కంప్యూటరు పెట్టేటప్పుడు వాట్సాప్‌లో మాక్రో పంపించుకున్నా ఇప్పుడు ఇబ్బంది లేదు, కానీ అలా వచ్చిన కాపీ మళ్లీ పాతబడుతుంది. కాబట్టి షార్ట్‌కట్ పెట్టే అడుగులు కాగితం మీద కాటా గదిలో, అకౌంట్లలో, గోడౌనులో అంటించాం. సీజను మధ్యలో మాక్రో మార్చాల్సి వస్తే ముందు అంకె పెంచాలి, తర్వాత కాటా రెండు సీట్లలో రోబోకాపీ నడిపి, పైపట్టీ చూసి, మిగతా సీట్లకు చెప్పాలి.